లేచి నీళ్ళు తాగినవారు

నవంబరు 18. వలల నీళ్ళు 1,910 లీటర్లు.

అరవై మూడు ఇళ్ళకు రెండేసి బిందెలు పోసి, మిగిలిన ఇరవై లీటర్లు బడి వరండాలోని కుండలో పోశాను.

ఇది ఊరి పుస్తకం కాదు. ఊరి పుస్తకంలో నేను రాసేది ప్రతి శనివారం విశ్వవిద్యాలయానికి పోతుంది, అక్కడి నుంచి గొంతుకు, అంటే ఊరి తరఫున మాట్లాడే పెట్టెకు పోతుంది. ఇది నేను వేరేగా పెట్టుకున్న పుస్తకం. ఇందులోది ఎక్కడికీ పోదు.

పొద్దున మూడో వల కింది తొట్టి పాచి పట్టి ఉంటే పీచుతో రుద్ది కడిగాను. కొండ దిగి పంచాయతీ గది తాళం తీసేసరికి గొంతు పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది. పచ్చదీపం అంటే ఊరికి ఒక ఉత్తరం వచ్చిందని, దానికి జవాబు కూడా వెళ్ళిపోయిందని.

ఉత్తరం ఎగువ జల మండలిది. గువ్వల కొండ మీద పొగమంచును నీళ్ళుగా పట్టే ముప్పై వలలనూ మండలి తీసుకుంటుంది. ఆ నీళ్ళు గొట్టంలో పట్నానికి పోతాయి. మా గువ్వలమిట్టకు మూడు రోజులకొకసారి ట్యాంకరు వస్తుంది. ఊరికి అభ్యంతరం ఉంటే డిసెంబరు 18 లోపల తెలపాలి.

జవాబు ఏమని పోయిందో మీట నొక్కి విన్నాను. ఏడేళ్ళుగా మా సభల్లో మాట్లాడిన వాళ్ళందరి గొంతులూ కలిపి పేనినట్టు ఉంటుంది దాని గొంతు. మా అత్త చౌడమ్మ సాగదీత ఉంటుంది. లింగమయ్య దగ్గు కూడా ఉంటుంది. "మా ఊరికి అభ్యంతరం లేదు సార్" అని చెప్పింది.

బోర్లన్నీ ఎండి, నేను ఆపరేటరుగా ఉన్న మోటారు తుప్పుపట్టాక మా ఆడవాళ్ళు రెండేళ్ళు కూర్చుని కుట్టిన వలలు అవి.

నవంబరు 19. 1,760 లీటర్లు.

మండలికి ఫోన్ చేశాను. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. మీ ఊరు ఒప్పుకుంది కదన్నా, ఇంకేం అన్నాడు. ఒక్కొక్క మనిషి అర్జీ ఇప్పుడు తీసుకోరని, ఊరి మాట గొంతు నుంచే రావాలని చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు. గొంతు ఉన్న ఊళ్ళకు అది నియమం. ఇంతకు ముందు ఊరి మాట అంటే ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల మాట. అది పోవాలనే విశ్వవిద్యాలయంలో నాలుగు శాఖల వాళ్ళు కలిసి దీన్ని కట్టారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మంగళవారం నర్సు వస్తోందంటే గొంతు అడిగితేనే వస్తోంది.

నవంబరు 20. 1,880 లీటర్లు.

బడి వరండాలో సభ పెట్టాం. ఇంటికొకరు వచ్చారు. నేను ఉత్తరం చదివాను. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి చౌడమ్మత్త మోకాళ్ళు పట్టుకుని లేచింది. మూల ఉన్న కుండ దగ్గరికి పోయి, గ్లాసు ముంచి, నీళ్ళు తాగింది. తిరిగి వచ్చి ముందు కూర్చున్న చోట కాకుండా ఇంకో చోట కూర్చుంది. తర్వాత లింగమయ్య లేచాడు. ఆ తర్వాత అందరూ. కుండ ఖాళీ అయితే ఇంటి నుంచి మా బిందె తెచ్చి పోశాను.

మా ఊళ్ళో సభలో కాదనడం అంటే ఇదే. నోటితో వద్దు అనరు. మొహం మీద వద్దన్నవాడు ఆ ఎదుటివాడి ఇంట్లో మళ్ళీ నీళ్ళు ముట్టడు, అంత పెద్ద మాట అది. అందుకని లేచి నీళ్ళు తాగి వస్తారు. సగం మంది తాగితే ఆ విషయం అక్కడితో ఆగిపోతుంది, మళ్ళీ ఎవరూ ఎత్తరు. ఇది ఎప్పటి నుంచి ఉందో నాకు తెలియదు. మా నాయన కాలంలోనూ ఉంది.

సభ అయ్యాక పంచాయతీ గదికి పోయి చూశాను. గొంతు వరండాలో చెవిలా బిగించిన మైకు ద్వారా అంతా విన్నది. పచ్చదీపమే. "అభ్యంతరం లేదు."

నవంబరు 23. 1,690 లీటర్లు.

నలభై మంది గొంతు దగ్గరికి వెళ్ళారు. నోటితోనే చెబుదామని అనుకున్నారు. అది వాళ్ళకు సులభం కాదు. చౌడమ్మత్తకు డెబ్బై నాలుగేళ్ళు. పెట్టె ముందు నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వద్దు నాయనా" అంది. అని గోడ వైపు తిరిగింది. ఒక్కొక్కరే చెప్పారు. చెప్పిన వాళ్ళు బయటికి పోకుండా, తప్పు చేసినవాళ్ళ మాదిరి గదిలోనే నిలబడ్డారు.

ఎర్రదీపం వెలిగింది. గొంతు మా అత్త సాగదీతతోనే చెప్పింది: "ఇంతమంది ఒక్కసారే మాట మార్చడం ఈ ఊరి పద్ధతి కాదు. మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తాండారా?"

"బెదిరిస్తాండేది నువ్వే కదప్పా" అన్నాడు లింగమయ్య.

కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. విశ్వవిద్యాలయంలో ఈ పని నడిపే వాగ్దేవి మేడమ్ దాన్ని కావాలనే అలా కట్టించారు. పెద్దమనుషులు కర్రలు పట్టుకుని నిలబడి జనం చేత ఒక్కరోజు ఏదో ఒకటి చెప్పిస్తే అది చెల్లకూడదు, ఏళ్ళ తరబడి ఊరు ఎలా నడుచుకుందో దానికే బరువుండాలి అని నాకు ఆమే వివరించారు. అప్పుడు మంచి ఆలోచనే అనిపించింది. ఏడేళ్ళ బరువు ఎవరు పెట్టారో నాకు తెలుసు.

నవంబరు 26. 1,930 లీటర్లు.

తొమ్మిదో వల కింద చిరిగితే చౌడమ్మత్త కుట్టడానికి కొండెక్కి వచ్చింది. నేను తాళ్ళు పట్టుకున్నాను. కుడుతూ మాట్లాడింది. మొదట కుంట గురించి. సోలారు పలకలు పరచడానికి మా కుంట పూడ్చేశారు. ఆనాడు అందరం నీళ్ళు తాగినాం కదా అంది. తర్వాత బీడు గురించి. గొర్రెలు మేసే బీడుకు కంచె వేసినప్పుడూ తాగాం. ఆ కంచె తర్వాతే ఆమె తమ్ముడు ఓబులేసు గొర్రెలమ్మి ఇటుకబట్టీలకు వెళ్ళాడు. అక్కడే పోయాడు.

"మనం వద్దన్యాక గూడా చేసినారు చూడు. తెలిసి తెలిసీ చేసినారు. ఇంగ గొంతెందుకురా కుళ్ళాయిగా? నోరుండే మనుషులకి నోరు పెట్టినారంట."

నేను తాడు గట్టిగా పట్టుకున్నాను. ఆమె దారం కొరికి, ఇంకో చిరుగు వెతుక్కుంది. ఇన్నేళ్ళుగా ఊరు మండలి మీద, కలెక్టరు మీద, ఎవరెవరి మీదో కోపం పెట్టుకుని ఉంది. నా మీద ఎవరికీ లేదు. నేను రాసేవాణ్ణి మాత్రమే.

నవంబరు 29. 1,540 లీటర్లు. ఈ వారంలో ఇదే తక్కువ.

పాత సభల శబ్దాలన్నీ పంచాయతీ గదిలో పెట్టుకుని విన్నాను. రెండు వందల పన్నెండు సభలు. అన్నీ మొత్తం వినాల్సిన పని లేదు. మాటలు ఆగి పావుగంట మౌనం ఉన్న చోటు వెతికితే చాలు. అరవై మంది వరసగా నీళ్ళు తాగడానికి పావుగంట పడుతుంది.

నలభై ఒక్కటి.

మొదటి తొమ్మిదింట్లో మౌనంలో గొలుసు మోత ఉంది. అప్పుడు గ్లాసు కుండబల్లకు గొలుసుతో కట్టి ఉండేది. ఎవరైనా ముంచితే గలగలమనేది. పదో దాని నుంచి ఆ మోత లేదు. విశ్వవిద్యాలయంలో శబ్దాలు చూసే అన్వర్ సారు ఆనాడు ఉత్తరం రాశారు, వెనక ఏదో ఇనుము చప్పుడు వస్తోంది, మాటలు సరిగా పట్టడం లేదు, ఆపగలరా అని. నేను గొలుసు విప్పి నైలాను తాడు కట్టాను. ఆ గొలుసు ఇప్పటికీ నా పనిముట్ల డబ్బాలో ఉంది.

ప్రతి సభకూ ఒక పత్రం. దానిలో మూడు గళ్ళు: ఒప్పుకున్నారు, వద్దన్నారు, అభ్యంతరం లేదు. నలభై ఒక్కసార్లూ నేను మూడో గడిలో టిక్కు పెట్టాను. గొంతు నేర్చుకుంది ఆ టిక్కులనే. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు కాబట్టి అది అబద్ధం కాదని అనుకున్నాను. అలా అనుకోవడం మొదట కష్టంగా ఉండేది. మూడో ఏటికి కష్టం పోయింది.

సుంకమ్మ అన్నం పెడుతూ ఏమైందని అడిగింది. నా భార్యకు కూడా చెప్పలేదు.

డిసెంబరు 3. నీళ్ళు కొలిచింది లింగమయ్య. 1,800 అని చెప్పాడు.

విశ్వవిద్యాలయంలో సమావేశం. "గ్రామ సాధికారత: అన్ని శాఖల అనుభవాలు" అని గుడ్డ మీద రాసి కట్టారు. గొంతు ఉన్న ఇరవై ఊళ్ళ నుంచి రాసేవాళ్ళను పిలిచారు. గొంతును ఇంకో నాలుగు వందల ఊళ్ళకు పంపబోతున్నారు. ఒక్కో శాఖవాళ్ళు లేచి తమ పని చెప్పారు. నీళ్ళ శాఖాయన మా వలల బొమ్మ చూపించాడు. అన్వర్ సారు చప్పుడు తీసేసి మాట ఎలా పట్టుకున్నారో వినిపించారు. ముందు గరగరగా ఉన్న శబ్దం, తర్వాత శుభ్రంగా ఉన్నది. ఆ గరగరలో గొలుసు ఉంది. మా ఊరిదే.

చివరికి వాగ్దేవి మేడమ్ మాట్లాడారు. గువ్వలమిట్టలో నూటికి తొంభై నాలుగు విషయాల్లో ఏకాభిప్రాయం ఉందని, కోపతాపాలు లేకుండా ఊరు నిర్ణయాలు చేసుకుంటోందని చెప్పారు. దానికి కారణం అక్కడి నమోదుదారు అని నన్ను లేపారు.

చెప్పేద్దామనే లేచాను. జేబులో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి వాళ్ళు రాసిచ్చింది, ఇంకోటి నేను రాసుకున్నది. వాళ్ళు రాసిచ్చింది చదివాను. చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రాళ్ళకుంట నుంచి వచ్చిన మారెక్క నా పక్కన కూర్చుంది. ఆమె కూడా రాసేమనిషి. సగం భోజనం తిన్నది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది.

"అన్నా, మీ ఊళ్ళో వద్దనాలంటే ఏం చేస్తారు?"

నీళ్ళు తాగుతారని చెప్పాను.

"మా ఊళ్ళో చెప్పులు తిప్పి పెడతారు. వాకిట్లో యాభై జతలు రోడ్డు పక్కకి చూస్తాంటాయి."

"నువ్వేం రాస్తావు?"

"నువ్వు రాసేదే" అంది. ఇంకో ముద్ద కలిపి, తినకుండా ఆకు మడిచేసింది.

నాలుగు గంటల బస్సు ఉంది. ఎక్కకుండా మేడమ్ గదికి పోయాను.

నిలబడే చెప్పాను. నలభై ఒకటి అని కాగితం ఇచ్చాను. ఆమె చదివారు. మీరు నాకు ఎందుకు చెప్పలేదు కుళ్ళాయప్ప గారూ అని అడిగారు. మీరు అడగలేదు అని చెప్పొచ్చు. బస్సులో వచ్చేటప్పుడు ఆ మాట సిద్ధం చేసుకున్నాను కూడా. కాని అడిగారు. ఏడేళ్ళ కిందట, మొట్టమొదటి సభలోనే అడిగారు.

ఆ రోజు ఆమె వరండాలో రికార్డరు పెట్టించి, నిలబడి, మీ ఊరికి ఒక గొంతు పెడతాం అని వివరంగా చెప్పారు. అంతా విని ఊరు ఊరంతా లేచి నీళ్ళు తాగింది. ఎవరికీ అది వద్దు. వాళ్ళెందుకు అలా లేస్తున్నారని మేడమ్ నన్ను పక్కకు పిలిచి అడిగారు. మోటారు మూలపడి నాకు పని లేదు. రాసేవాడుగా నన్ను పెట్టుకుంటామని ముందురోజే చెప్పి ఉన్నారు. పైగా, చదువుకున్న మనిషికి ఈ కుండ సంగతి చెప్పాలంటే నామోషీగా ఉంది. ఎండ కదా మేడమ్, దాహం అన్నాను.

కాగితంలో మొదటి వరస అదే. విషయం: గొంతు.

ఇదంతా ఆమెకు చెప్పాను. ఆమె ఆ మొదటి వరస మీద వేలు పెట్టారు.

"ఆ రోజు నేను కూడా తాగాను" అన్నారు. "అందరూ తాగుతున్నారు కదా, నేనొక్కదాన్ని కూర్చుంటే బాగుండదని."

"తాగినారు మేడమ్. మీరే మనసు మార్చుకున్నారని అనుకున్నారు మావాళ్ళు. సంతోషపడినారు. తర్వాత పెట్టె వచ్చె."

ఆమె నవ్వబోయి ఆగిపోయారు. అన్వర్ సారును పిలిపించారు. ముగ్గురం చీకటి పడకముందే ఆ తొమ్మిది గొలుసు శబ్దాలూ మళ్ళీ విన్నాం. సారు చెవుల మీది యంత్రం తీసి బల్ల మీద పెట్టి, "నేను దీన్నే తీసేశాను" అన్నారు. ఆయన తప్పు ఏమీ లేదు. ఆ మాట పైకి అనలేదు నేను.

డిసెంబరు 6. 1,720 లీటర్లు.

మేడమ్ నుంచి పత్రం వచ్చింది. పేరు "తప్పు నమోదు ఒప్పుకోలు". రాసినవాడే ఒప్పుకోవాలి, వేరే వాళ్ళు ఒప్పుకుంటే చెల్లదు. ఊరి సభలో, ఊరి ముందు, ఒక్కొక్క తప్పూ చదవాలి. చదివి సంతకం చేస్తే గొంతు ఏడేళ్ళుగా నేర్చింది అంతా పక్కన పెడతారు. సరిచేసేదాకా అది ఊరి తరఫున ఏమీ చెప్పదు. నర్సు కోసం మళ్ళీ కాగితం మీద అడుక్కోవాలి.

నాలుగు వందల ఊళ్ళ సంగతి ఆపించాను, దానికి నేను జవాబు చెప్పుకోవాలి అని మేడమ్ కింద చేత్తో రాశారు.

సుంకమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి ముందు నుంచి కదల్లేదు. "కుంట గూడానా?" అని ఒక్కటే అడిగింది. అవునన్నాను.

డిసెంబరు 10. 1,950 లీటర్లు.

పొద్దున నైలాను తాడు కోసేసి, డబ్బాలోని గొలుసు తీసి, తుప్పు గీకి, గ్లాసుకు మళ్ళీ కట్టాను. మేడమ్ పదింటి బస్సులో ఒక్కరే వచ్చారు.

నలభై ఒక్కటీ చదివాను. మొదటిది చదివినప్పుడు కొందరు మేడమ్ వైపు చూశారు. మూడోది కుంట. పదకొండోది బీడు కంచె. అది చదివేటప్పుడు చౌడమ్మత్త వైపు చూడలేదు. ఇరవై ఆరోది బడిలో పై తరగతులు ఎత్తేయడం. ముప్పై దాటాక ఎవరో, ఇంకా ఎన్నుండాయప్పా అన్నారు. ఎన్నున్నాయో చెప్పి చదివాను. మధ్యలో ఎవరూ తిట్టలేదు. చివర సంతకం చేశాను.

తర్వాత మండలి ఉత్తరం విషయం మళ్ళీ పెట్టాను. గొలుసు అరవై మూడుసార్లు మోగింది, మా ఇంటి తరఫున సుంకమ్మ తాగింది. మేడమ్ లెక్కపెట్టి సాక్షి సంతకం చేశారు. పత్రంలో మూడు గళ్ళూ కొట్టేసి, పక్కన చేత్తో రాశాను: లేచి నీళ్ళు తాగినవారు 63. ఊరి మాట: వద్దు.

మిగిలింది తర్వాత రాస్తాను.

డిసెంబరు 12. 1,830 లీటర్లు.

మండలి నుంచి కాగితం వచ్చింది. గువ్వలమిట్ట నమోదులు సరిచేసేవరకు వలల జోలికి రారు. అది ఎన్నాళ్ళో రాయలేదు. చదివి వినిపిస్తే జనం విన్నారు, ఇళ్ళకు పోయారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళు పోసేటప్పుడు బిందె వాకిట్లో పెట్టి లోపలికి పోతున్నారు.

పదో తారీఖున మిగిలింది ఇది.

వలల విషయం అయ్యాక సభ లేవబోతుంటే, ఇంకొక విషయం ఉందని చెప్పాను. పత్రంలో లేదు, మేడమ్ కూడా అడగలేదు. ఊరు నన్ను క్షమించాలని అడిగాను. ఎలా అడగాలో తెలియక, మిగతా విషయాలు పెట్టినట్టే పెట్టాను.

 సంతకం అయింది కాబట్టి పంచాయతీ గదిలో పెట్టె దీపం ఆరిపోయి ఉంటుంది. చౌడమ్మత్త ఒకసారి నా మొహం చూసింది. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచింది. అప్పటికే ఒకసారి తాగిన మనిషి. గ్లాసు ముంచి, మొత్తం తాగి, గ్లాసు బోర్లించి పెట్టింది. వచ్చి దూరంగా, మెట్ల దగ్గర కూర్చుంది. లింగమయ్య దగ్గుకుంటూ లేచాడు. ఆ తర్వాత వరసగా. నేను పోసిన నీళ్ళే, నేను కట్టిన గొలుసే. ఒక్కొక్కరికీ మోగింది.

సుంకమ్మ లేవలేదు. తల వంచుకుని కూర్చుంది. మేడమ్ కూడా లేవలేదు. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న మనిషి, పెదవులు తడుపుకుంటూ కుండ వైపు రెండుసార్లు చూశారు, అయినా చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నారు.

నలభై ఒక్కటి చదివి నా నోరు పిడచకట్టుకుపోయి ఉంది. కుండలో అడుగున ఒక గ్లాసు మిగిలింది. లేచి వెళ్ళి తాగాను. వచ్చి నా చోట కూర్చోలేదు.

ఊరి పుస్తకం తీసి రాశాను. విషయం: నమోదుదారు కుళ్ళాయప్పను క్షమించడం. లేచి నీళ్ళు తాగినవారు: అరవై రెండు మంది, కుళ్ళాయప్పతో అరవై మూడు. ఊరి మాట: వద్దు.

నా పేరు పక్కన, దాహం అని రాయలేదు.